కేబుల్ వేయడానికి చల్లని గాలి ఎందుకు? ఎండాకాలంలో ఇది తప్పితే ఏమవుతుంది?

మీ వీధిలో ఇంటర్నెట్ ఫైబర్ వేస్తున్నప్పుడు కంప్రెసర్ చప్పుడు వినే ఉంటారు. అది రోడ్డు పగలగొట్టడానికే అనుకుంటాం. చాలాసార్లు దాని పని వేరు: భూమిలోని ప్లాస్టిక్ గొట్టం (డక్టు)లోకి గాలితో కేబుల్‌ను పంపడం.

గాలితోనే ఎందుకు?
తాడు కట్టి లాగితే బరువంతా కేబుల్ ఒక్క కొస మీదే పడుతుంది, లోపలి గాజు పోగులు దెబ్బతినొచ్చు. గాలి మాత్రం కేబుల్‌ను పొడవునా నెడుతుంది. డక్టు బాగుంటే ఒక్క విడతలో కిలోమీటరు దాటి కూడా వెళుతుంది. అంటే గుంతలు తగ్గుతాయి.

మరి చల్లబరచడం దేనికి?
సైకిల్‌కు గాలి కొట్టాక పంపు అడుగున ముట్టుకోండి, కాలుతుంది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. కంప్రెసర్ నుంచి నేరుగా వచ్చే గాలి 80 నుంచి 100 డిగ్రీల దాకా ఉండొచ్చు. దాన్ని అలాగే వదిలితే మూడు నష్టాలు:

• డక్టు మెత్తబడి ఒత్తిడిని తట్టుకునే శక్తి తగ్గుతుంది. అతుకుల దగ్గర ఊడిపోవచ్చు.
• కేబుల్ పై తొడుగు కూడా మెత్తబడి రాపిడి పెరుగుతుంది.
• గాలిలోని తేమ భూమిలోని చల్లని డక్టులో నీరుగా మారుతుంది. తడికి కేబుల్ జారడం తగ్గుతుంది.

ఫలితం? కేబుల్ మధ్యలో ఇరుక్కుపోతుంది. అక్కడ మళ్లీ గుంత తవ్వాలి.

పరిష్కారం ఏమిటి?
ఆఫ్టర్‌కూలర్. ఇది ఫ్యాన్ ఉన్న రేడియేటర్ లాంటిది. గాలిని బయటి వేడి కంటే 10–15 డిగ్రీలకు మించని స్థాయికి దించుతుంది, నీటిని విడదీసి బయటకు వదులుతుంది. అయితే బయటే 42 డిగ్రీలుంటే, చల్లబడిన గాలి కూడా 52 దాటి ఉండొచ్చు. అందుకే ఎండాకాలంలో ఈ పని తెల్లవారుజామునో, రాత్రో చేయడం మేలు.

మనకు సంబంధం ఏమిటి?
ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగా కేబుల్ లాగింది కాబట్టి అక్కడ ఈ సమస్య తక్కువ. తెలంగాణలో టీ-ఫైబర్ కోసం మిషన్ భగీరథ మంచినీటి పైపుల కందకాల్లోనే డక్టులు వేశారు. కేబుల్ ఇరుక్కుని అక్కడ మళ్లీ తవ్వాల్సి వస్తే, పక్కనే మీ తాగునీటి పైపు ఉంటుంది.

కూలర్ అద్దె మిగుల్చుకుందామని మామూలు కంప్రెసర్‌తో పని కానిస్తే, ఆ మిగులు కాంట్రాక్టరుది, గుంత మీ వీధిది. ఈసారి కంప్రెసర్ కనిపిస్తే అడగండి: "కూలర్ పెట్టారా?"