బరువు లేని రాక్షసులు

మళ్లీ పొడుగ్గా రాస్తా ఉన్నాను. పోయినసారి రాగి కల్లం గురించి రాసినప్పుడు "చదివేలోపల ముద్ద చల్లారిపోయిందప్పా" అని ఒక అన్న రాసినాడు. ఈసారి ముద్ద తిన్నాకే చదవండి.

విషయం వీడియో గేమ్. నవ్వొద్దండి. సంక్రాంతికి కబడ్డీ, ముగ్గులు, పద్యాలతో పాటు ఈసారి వీడియో గేమ్ పోటీ కూడా పెట్టాలని మన అంచెట్టి కుర్రోళ్లు అడిగినారు. ఏ ఆట అంటే గాడ్జిల్లా. పెద్ద పెద్ద రాక్షస జంతువులు ఊరి నడుమ నిలబడి కొట్టుకునే ఆట. కొందరు పెద్దలు అసలు వద్దే వద్దన్నారు. కుర్రోళ్లేమో "పాత భాగం వద్దు, మూడో భాగం పెడదాం, దాంట్లో ఇరవైకి పైగా జంతువులుండాయి" అన్నారు. నేను రెండు పక్కలా లేను. ఆట పెట్టాల్సిందే. ఆ మూడో భాగం మాత్రం పెట్టకూడదు. రెండూ మా ఇంట్లో ఉండాయి, రెండూ నేను ఆడినవే. అందుకే ఇంత గట్టిగా చెప్తా ఉండేది.

తెలియనోళ్ల కోసం కొంచెం చరిత్ర. అమెరికాలో ఆరిగన్ రాష్ట్రంలో యూజీన్ అనే ఊర్లో పైప్‌వర్క్స్ అని ఒక కంపెనీ ఉండాది. వాళ్లు 2002లో "గాడ్జిల్లా: డిస్ట్రాయ్ ఆల్ మాన్‌స్టర్స్ మెలీ" అనే ఆట చేసినారు. ముందు నింటెండో గేమ్‌క్యూబ్‌కి వచ్చింది, మరుసటేడు ఎక్స్‌బాక్స్‌కి. 2004లో రెండో భాగం, "సేవ్ ది ఎర్త్". 2007 ఆఖర్లో మూడోది, "గాడ్జిల్లా: అన్‌లీష్డ్", నింటెండో వీ డబ్బాకి. అదే పేరుతో పీఎస్ 2కి వచ్చింది మాత్రం వీళ్లు చేసింది కాదు, శాంతాక్రూజ్ గేమ్స్ అనే ఇంకో కంపెనీ చేసింది. అన్నీ అటారీ పేరు మీదే అమ్మినారు. మూడోది వచ్చినాక ఆ వరస అక్కడే తెగిపోయింది. పైప్‌వర్క్స్ వాళ్లు నాలుగోది చేయలేదు. చాలామంది విమర్శకులు ఆ ఆటను చీల్చి చెండాడినారు. అది వాళ్ల లెక్క. నా లెక్క వేరే ఉండాది, అది మన ఊరి లెక్క.

రాక్షసుల కొట్లాటలో రుచి ఎక్కడుంటుంది? కొమ్ముల్లో, కోరల్లో, నోట్లోనుంచి వచ్చే మంటలో కాదు. బరువులో. యాభై మీటర్ల జంతువు అడుగేస్తే అది బరువుగా పడాలి. ఒక గుద్దు గుద్దాలంటే చెయ్యి వెనక్కి పోవాలి, ముందుకు రావాలి, దానికి కాస్త సమయం పట్టాలి. ఆ సమయంలోనే ఎదుటోడు తప్పించుకుంటాడా, తిరగబడతాడా అనేది తేలుతుంది. ఆటంతా ఆ రెప్పపాటులో ఉంటుంది.

ఈ సంగతి అంచెట్టోళ్లకు ఎవురూ నేర్పక్కర్లేదు. మన చుట్టూ ఉండే అడవిని 2014లో కావేరి ఉత్తర వన్యప్రాణి అభయారణ్యం అన్నారు. అంతకుముందు నుంచీ అది ఏనుగుల అడివే. కార్తీకం దాటి రాగి వెన్ను బలిసే వేళకు మంచె మీద కూర్చుని తెల్లార్లూ డబ్బా కొట్టినోళ్లు ఈ గుంపులోనే ఎంతోమంది ఉండారు. ఏనుగు నడిస్తే చప్పుడు రాదు. దాని అరికాలు మెత్తన. నాలుగు టన్నుల జంతువు మన వెనక పదడుగుల్లో నిలబడినా తెలీదు. తెల్లారి చేనుకు పోయి చూస్తే అప్పుడు తెలుస్తుంది బరువంటే ఏమో. రాగి నేలకు అతుక్కుపోయి ఉంటుంది. తడి మన్నులో మోకాటిలోతు గుంత. డ్రిప్ పైపు అప్పడమై ఉంటుంది. బరువు జంతువులో కనపడదు, దానికి లొంగిపోయిన వాటిలో కనపడుతుంది. మా చేనులో రెండేండ్ల కింద పనస చెట్టు కొమ్మ ఒకటి విరిచింది. దాన్ని ఇంటికి తేవడానికి ముగ్గురం పట్టాల్సొచ్చింది. ఆ కొమ్మ చూస్తే చాలు, ఏనుగును చూడక్కర్లేదు.

2002 ఆట చేసినోళ్లకు ఈ సంగతి తెలుసు. దాంట్లో జంతువు మెల్లగా తిరుగుతుంది. పక్కనుండే మేడను రెండు చేతులా పెకలించి ఎదుటోడి మీదికి విసరొచ్చు. ఎత్తేటప్పుడు ఒక క్షణం ఆగుతుంది చూడండి, ఆ ఆగడంలోనే మేడ బరువూ తెలుస్తుంది, జంతువు బలమూ తెలుస్తుంది. విసిరితే ఎదుటోడు వెల్లకిలా పడతాడు, వాడి కింద ఇంకో నాలుగు మేడలు పిండైపోతాయి. టోక్యో, ఒసాకా, లండన్, శాన్ ఫ్రాన్సిస్కో, ఎక్కడ కొట్టుకున్నా ఆఖరికి ఊరు ఊరంతా కల్లం చేసినట్టు చదునైపోతుంది. పోటీ అయిపోయినాక పిల్లోళ్లు ఊరిని చూసి "అయ్యో" అంటారు. ఆ అయ్యో కోసమే ఆ ఆట.

2007 దాంట్లో అదంతా పోయింది. జంతువులు ఎగురుతాయి, దుముకుతాయి, గాలిబుడగల మాదిరి తేలుతాయి. గుద్దు తగిలినట్టే ఉండదు. మేడలు కూలుతాయి గానీ, వాన కాలంలో పుట్టగొడుగు కాలికి తగిలి పడినట్టు పడతాయి. ఊరినిండా నేలలోంచి స్ఫటికాలు పొడుచుకొస్తాయి, వాటిని పగలగొట్టాలి. నాలుగు పక్షాలు పెట్టినారు: భూమిని కాపాడేవి, గ్రహాంతరాలవి, సైన్యానివి, వికృతంగా పుట్టినవి. నువ్వే పక్షమో చూసుకుని ఆడాలంట. కాగితం మీద చదివితే గొప్పగానే ఉంటుంది. ఆడేటప్పుడు మాత్రం ఆ జంతువు నేల మీద నిలబడి ఉందనే నమ్మకమే కుదరదు. నేల మీద నిలబడనోడు ఏ పక్షమైతే ఏమి?

అన్నిటికన్నా పెద్ద పొరపాటు ఊపుడు. వీ డబ్బాకు రిమోట్ కట్టె ఒకటి ఉంటుంది, దాన్ని చేత్తో ఊపితే తెరమీద కదులుతుంది. టెన్నిస్‌కీ, బౌలింగ్‌కీ అది బంగారం లాంటిది. మా అమ్మ కూడా బౌలింగ్ ఆడింది. ఈ ఆటలో గుద్దాలంటే ఒక మీట నొక్కి పట్టుకుని కట్టెను పక్కకు ఊపాలి, పైనుంచి కిందికి ఊపాలి, ముందుకు పొడవాలి. నువ్వు పక్కకు ఊపినావనుకో, అది పైనుంచి అనుకుంటుంది. నువ్వు టక్కున ఊపితే అది తర్వాతెప్పుడో గుద్దుతుంది. నా చెయ్యి బరువు అరకిలో కూడా లేని కట్టెను ఊపుతా ఉంటే, తెర మీద వేల టన్నుల జంతువు దానికి సమంగా ఎట్లా కదలాలి? సమంగా కదిలితే బరువు పోతుంది. బరువుగా కదిలితే నా చేతికి, దాని చేతికి పొత్తు కుదరదు. ఆ చిక్కుముడిని విప్పకుండానే ఆటను అంగట్లో పెట్టేసినారు.

ఇక్కడ సినిమా సంగతి ఒకటి చెప్పాల. మొదటి గాడ్జిల్లా సినిమా జపాన్‌లో 1954 నవంబర్ 3న వచ్చింది, తోహో కంపెనీది, దర్శకుడు ఇషిరో హోండా. ఆ ఏడే మార్చిలో అమెరికా పసిఫిక్ సముద్రంలో హైడ్రోజన్ బాంబు పేల్చింది, ఆ బూడిద జపాన్ చేపల పడవ మీద పడి జాలర్లు జబ్బు పడినారు. ఆ భయంలోంచే ఆ జంతువు పుట్టింది. దాని లోపల ఉండింది హరువో నకజిమా అనే మనిషి. రబ్బరు తొడుగు ఎంత బరువంటే వేసుకుని నాలుగడుగులు వేయడమే గగనం. దానికి తోడు ట్రిక్కుల మనిషి ఎయిజి సుబురాయ కెమెరాను వేగంగా తిప్పి, తెర మీద మామూలు వేగంతో చూపించినాడు. అందుకని బొమ్మల మేడలు కూడా నిజం మేడల మాదిరి నిదానంగా కూలినాయి. 1954లో కంప్యూటర్ లేనోళ్లకు తెలిసిన కిటుకు, 2007లో కంప్యూటర్లు పెట్టుకున్నోళ్లు మరిచిపోయినారు.

మన భారతం కూడా అదే చెప్తుంది. మన పక్క ఊర్లలో ద్రౌపదమ్మ గుడికాడ భారతం పెడితే ఆఖరి రోజు దుర్యోధనుడి మట్టిబొమ్మ చేస్తారు కదా, ఎంత పొడవు, ఎంత వెడల్పు! అది లేవదు, కదలదు, ఒక గుద్దు కూడా గుద్దదు. పండుకుని ఉంటుంది, అంతే. అయినా భీముడి వేషగాడు దాని చుట్టూ తిరుగుతా ఉంటే పిల్లోళ్లు అమ్మల కొంగులు పట్టుకుంటారు. ఇంక ఘటోత్కచుడు సరేసరి. కర్ణుడి శక్తి తగిలి చచ్చిపోతా కూడా ఒళ్లు పెంచుకుని కౌరవుల సైన్యం మీదే పడినాడు, ఒక అక్షౌహిణి కింద నలిగిపోయింది. వాడి ఆఖరి ఆయుధం వాడి బరువే. ఈ కథ వింటా పెరిగిన పిల్లోడికి తేలిపోయే గాడ్జిల్లాను చూపిస్తే వాడికి ఎట్లా ఆనుతుంది?

ఇప్పుడు లెక్కల సంగతి. పాతదాంట్లో జంతువులు డజను కూడా లేవు, కొత్తదాంట్లో ఇరవైకి పైగా అంటారు కుర్రోళ్లు. నిజమే. ఒక్క గాడ్జిల్లానే మూడు రకాలు పెట్టినారు. ఒబ్సీడియస్, క్రిస్టలాక్ అని సినిమాల్లో లేని రెండు కొత్త జంతువులను కూడా కల్పించినారు. దాంట్లో ఒబ్సీడియస్, నల్లరాతి ఒళ్లూ లోపల నిప్పూ ఉండేది, బాగుండాది. ఒప్పుకుంటాను. మోత్రా రెక్కలు కూడా కండ్లకు ఇంపుగా చేసినారు. కానీ ఇరవై పులుసులు వండి ఒక్కదాంట్లోనూ ఉప్పు వేయకపోతే ఆ విందును ఏమంటాం?

ఇది ఒక్క కంపెనీ చేసిన తప్పు కూడా కాదు. ఎస్ఎన్‌కే అనే జపాన్ కంపెనీ 1991లో "కింగ్ ఆఫ్ ది మాన్‌స్టర్స్" అని తెచ్చింది, పార్లర్లలో కాసులు వేసి ఆడే ఆట. ఆరు రాక్షసులు, ఊరి నడుమ కుస్తీ. పడగొట్టి, మీద కూర్చుని, మూడు లెక్కపెట్టేదాకా నొక్కి పట్టాలి. ఎంత తేటగా ఉంది చూడండి! మరుసటేడే రెండో భాగం తెచ్చినారు. బొమ్మలు ఇంకా బాగుండాయి. ఆరుగురిలో ముగ్గురినే ఉంచి, కుస్తీని తీసేసి, ముందుకు నడుచుకుంటా వచ్చినోళ్లను వచ్చినట్టు కొట్టే మామూలు ఆటగా మార్చేసినారు. ఒకరు జంతువులు తగ్గించి చెడగొట్టినారు, ఇంకొకరు పెంచి చెడగొట్టినారు. రెండు చోట్లా పోయింది ఒకటే, ఆ పట్టు.

అసలే వద్దనే పెద్దలకు ఒక మాట. మన పిల్లోళ్లు ఏ భాషలో చదువుతా ఉండారో మీకు తెలుసు. 2006 చట్టం వచ్చినాక ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది, ఇంకోపక్క ఇంగ్లీషు. తెలుగు ఇంట్లో, చేలో, మన సంఘం పండగల్లో మిగిలింది. ఫోన్‌లో ఆడే ఆటల్లో చెవులకు యంత్రం తగిలించుకుని, ఎవురో ముక్కూముఖం తెలీనోళ్లతో ఇంగ్లీషులో రెండు బూతులు మాట్లాడి పండుకుంటారు. ఈ పాత ఆట అట్లా కాదు. ఒక్క టీవీ, ఒక్క చాప, నలుగురు ఒక్కసారి ఆడొచ్చు. మా ఇంట్లో ఆడేటప్పుడు నేను పక్కన కూర్చుని వింటా ఉంటాను. "ఒరే తోక పట్టుకోరా", "గోడ పెరికి ఎయ్", "నాకు ఆయాసం తీరనీరా సామీ". వాళ్లు పేర్లు కూడా మార్చేసినారు. ఆంగిరస్ ఇప్పుడు అలుగు. రోడాన్ గద్ద. కింగ్ గిడోరా మూడుతలలోడు. అలుగు అనే మాట ఆ పిల్లోళ్లు ఈ ఆట లేకుంటే ఎక్కడ వాడుంటారు చెప్పండి? వాళ్ల తాత అడవిలో చూసిన అలుగు సంగతి చెప్పడం, వీళ్లు తెరమీద దాన్ని వెతుక్కోవడం, అదంతా ఆ చాప మీదే జరిగింది.

అదే నలుగురికి మూడో భాగం పెట్టి ఇచ్చినాను. అరగంట ఊపినారు. పేర్లు పెట్టలేదు. "అన్నా ఇది పని చేయడంలే", "నేను ఊపినా, అది గుద్దలే", ఇవే మాటలు. ఒకడి కట్టె ఇంకొకడి మూతికి తగిలింది. చిన్నోడు లేచి బయటికిపోయి సైకిల్ తీసుకున్నాడు. కొట్లాడుకోడానికి కూడా ఆ ఆటలో ఏమీ దొరకలేదు వాళ్లకు.

"పాతది పెట్టాలంటే పాత డబ్బా ఎక్కడ దొరుకుతుందన్నా" అని అడుగుతారు, అందుకని చెప్తా ఉండాను. మా బావ అమెరికా నుంచి తెచ్చిన వీ మొదటి మోడల్‌ది. దాంట్లో గేమ్‌క్యూబ్ చిన్న డిస్కులు కూడా తిరుగుతాయి, పైన మూత తీస్తే పాత రిమోట్లు గుచ్చడానికి నాలుగు రంధ్రాలుండాయి. కొత్తది కొనక్కర్లేదు. డబ్బా నేను తెస్తాను. రిమోట్లు నాకాడ రెండే ఉండాయి. బెంగళూరులో ఉండే మన పిల్లోళ్లు ఎవురైనా పాత సామాన్ల అంగడిలో ఇంకో రెండు చూసి పెడితే సంఘం లెక్కలోంచి ఇచ్చేస్తాం, రసీదు మాత్రం తేవాల. టీవీ ఎవురిదో ఇంకా తేలలేదు. కరెంటు సంగతి చూసుకునేది ఎవురో రేపటిలోగా కింద రాయండి.