మా బాబాయ్ ఆశపడలేదు

ముందుగా ఒక తప్పు ఒప్పుకుంటాను. పోయిన ఆషాఢంలో మా హాస్టల్ రూమ్‌లో నేనొక కామెడీ స్టోరీ చెప్పాను. "మా బాబాయ్‌కి ఎవడో డబ్బు వేసి, పొరపాటున ఒక సున్నా ఎక్కువ కొట్టేశాను, మిగతాది వెనక్కి వెయ్యండి అన్నాడట. మావాడు వేసేశాడు. అసలు రాని డబ్బుని వెనక్కి పంపించాడు మామా!" రూమంతా ఒకటే నవ్వు. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. "ఈ రోజుల్లో కూడా ఇలాంటివాళ్లు ఉన్నారా" అని ఒకడన్నాడు. నేనూ తలూపాను.

ఆ నవ్వు గురించే ఇప్పుడు రాస్తున్నాను.

మా బాబాయ్‌కి తెనాలిలో చిన్న ఫొటో స్టూడియో ఉంది. పాస్‌పోర్ట్ ఫొటోలతో రోజు గడుస్తుంది, పెళ్లిళ్లతో సంవత్సరం గడుస్తుంది. ఆషాఢంలో ముహూర్తాలుండవు కాబట్టి ఆ నెలంతా కెమెరాలు తుడుచుకుంటూ, పాత పెళ్లిళ్ల ఆల్బమ్స్ డిజైన్ చేసుకుంటూ, శ్రావణం బుకింగ్స్ కోసం ఫోన్ వైపు చూస్తూ కూర్చుంటాడు. సరిగ్గా అప్పుడే ఫోన్ వచ్చింది.

అవతలివాడు హిందీలో, మధ్యమధ్యలో ఇంగ్లీషులో మాట్లాడాడు. మిలిటరీలో పని చేస్తున్నానన్నాడు. చెల్లెల్ని తెనాలి అబ్బాయికి ఇస్తున్నాం, శ్రావణంలో పెళ్లి అన్నాడు. యూనిఫాంలో ఉన్న ఫొటో, ఐడీ కార్డు వాట్సాప్‌లో పెట్టాడు. (ఆ ఫొటో, కార్డు అసలు ఎవరివో పాపం! ఆర్మీ పేరు చెబితే మనం ఎదురు ప్రశ్న వెయ్యం, అది వాళ్లకు బాగా తెలుసు.) క్యాండిడ్, ట్రెడిషనల్, డ్రోన్, ఆల్బమ్ అన్నీ కలిపి బాబాయ్ 85,000 చెప్పాడు. బేరమాడలేదు. "అక్కడే నీకు అనుమానం రావాలి" అని మా పిన్ని ఇప్పటికీ అంటుంది.

అడ్వాన్స్ 5,000 అనుకున్నారు. రెండు నిమిషాల్లో మెసేజ్: మీ ఖాతాలో 50,000 జమ అయింది. వెంటనే మళ్లీ ఫోన్. "భాయ్‌సాబ్, ఒక సున్నా ఎక్కువ పడింది. ఆ డబ్బు మా అమ్మ ఆపరేషన్‌కి పెట్టుకున్నది. ఫోన్ పెట్టకండి, నేను లైన్‌లోనే ఉంటాను, 45,000 వెనక్కి వెయ్యండి. ముందు ఒక ఇరవై వెయ్యండి, హాస్పిటల్ వాళ్లు అడుగుతున్నారు."

బాబాయ్ 20,000 వేశాడు. తర్వాత 25,000 వెయ్యబోతే ఫెయిల్. ఖాతాలో సరిపడా డబ్బు లేదని చూపించింది. యాభై వేలు వచ్చిన ఖాతాలో డబ్బు లేకపోవడమేంటి? సర్వర్ ప్రాబ్లమేమో అనుకుని మళ్లీ నొక్కాడు. మూడోసారి కూడా ఫెయిలయ్యాక బ్యాలెన్స్ చూశాడు. ఆరు వేల చిల్లర ఉంది. అంటే ఫోన్ రాకముందు ఉన్నది ఇరవై ఆరు వేల చిల్లర, అందులోంచి తన చేత్తో తను పంపింది ఇరవై. అవతలి నుంచి ఒక్క రూపాయి కూడా రాలేదు. వచ్చిందల్లా ఎవడో కూర్చుని టైప్ చేసిన మెసేజ్. పోయిన ఇరవై వేలు ఆల్బమ్స్ ప్రింట్ చేసే ల్యాబ్‌కి కట్టాల్సినవి.

ఇక్కడి దాకానే నేను హాస్టల్లో చెప్పాను. తర్వాత జరిగింది అప్పటికి నాకు తెలీదు.

బాబాయ్ రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. ల్యాబ్ వాళ్లు డబ్బు కోసం ఫోన్ చేస్తే పిన్నికి తెలిసింది. "నువ్వు కంప్యూటర్స్ చదువుతున్నావు కదా, ఏమన్నా చెయ్యగలవేమో చూడు" అని పిన్ని నాకు ఫోన్ చేసింది. 1930కి చెయ్యమని ఫోన్‌లోనే చెప్పేసి, ఆ సాయంత్రం జోకు వేశాను. ఆ వారాంతం తెనాలి వెళ్లినప్పుడు, మిగతా వివరాలు ఎక్కిద్దామని ఆయన ఫోన్ తీసుకుని ఆ చాట్ మొత్తం చదివాను. డబ్బు పంపే ముందు బాబాయ్ తన వచ్చీరాని ఇంగ్లీషులో ఒక మెసేజ్ పెట్టాడు. మీ అమ్మగారికి తగ్గిపోతుంది, కంగారు పడకండి, మీ డబ్బు ఎక్కడికీ పోదు అని.

"బ్యాలెన్స్ ఎందుకు చూడలేదు బాబాయ్?" అని అడిగాను. "నేను ఎవడి డబ్బుకీ ఆశపడలేదురా. ఎవరిదో నా దగ్గర ఉండిపోయింది, ఆపరేషన్ ఆగిపోతుందేమోనని భయం వేసింది. అంతే" అన్నాడు.

మోసపోయినవాళ్ల గురించి మన దగ్గర ఒక రెడీమేడ్ డైలాగ్ ఉంటుంది: అత్యాశకు పోయాడు, పోగొట్టుకున్నాడు. లాటరీ మెసేజ్‌కో, రెట్టింపు లాభాల యాప్‌కో అది కొంత సరిపోతుందేమో. దీనికి మాత్రం సరిపోదు. అత్యాశ ఉన్నవాడైతే యాభై వేలు వచ్చిందని సంబరపడి ఫోన్ స్విచాఫ్ చేసుకునేవాడు, అలా చేసి బతికిపోయేవాడు కూడా. ఎవరి సొమ్ము వాళ్లకి వెంటనే ఇచ్చెయ్యాలి అనుకునేవాడే ఇందులో పడతాడు. చిన్నప్పట్నుంచీ మనకి నేర్పిన మంచి అలవాటు మీదే ఈ మోసం నిలబడింది.

ఇది మన దగ్గర పుట్టిందేమీ కాదు. అమెరికాలో పెళ్లి ఫొటోగ్రాఫర్లని ఇదే పద్ధతిలో చెక్కులతో ముంచుతున్నారు. పెళ్లికూతురి పేరుతోనో, తండ్రి పేరుతోనో మెయిల్ వస్తుంది. నేను వేరే ఊళ్లో ఉన్నాను, ఫోన్‌లో మాట్లాడటం కుదరదు, మెసేజ్‌లే చెయ్యండి అంటారు. ఫీజు కంటే చాలా ఎక్కువకి చెక్కు పంపి, "మీది మీరు ఉంచుకుని మిగతాది మా ఈవెంట్ ప్లానర్‌కి పంపండి, ఆయన కార్డులు తీసుకోడు" అంటారు. అక్కడ 1987లో వచ్చిన చట్టం ప్రకారం చెక్కు వేసిన కొద్ది రోజుల్లోనే బ్యాంకు ఆ డబ్బుని వాడుకోనివ్వాలి. చెక్కు దొంగదని తేలడానికి మాత్రం ఒక్కోసారి వారాలు పడుతుంది. ఈలోగా ఫొటోగ్రాఫర్ "ప్లానర్"కి డబ్బు పంపేస్తాడు. చెక్కు తిరిగొచ్చాక బ్యాంకు ఆ మొత్తాన్ని అతని ఖాతాలోంచే వెనక్కి లాగుతుంది.

డీబీఎంఎస్ క్లాసులో డర్టీ రీడ్ అని చదువుకున్నాం, గుర్తుందా? ఒక ట్రాన్సాక్షన్ ఇంకా కమిట్ కాకముందే దాని విలువని ఇంకొకటి చదివేసి, దాన్ని నమ్మి పని చేసేస్తుంది. తర్వాత మొదటిది రోల్‌బ్యాక్ అవుతుంది. రెండోదాని లెక్కంతా తప్పు. అమెరికా ఫొటోగ్రాఫర్ చేసింది అచ్చంగా ఇదే. బాబాయ్ విషయంలో అసలు ట్రాన్సాక్షనే లేదు, ఉన్నది దొంగ లాగ్ ఎంట్రీ. పెద్ద పెద్ద డేటాబేసులే జాగ్రత్త లేకపోతే చేసే తప్పు ఇది. దాన్ని రెండు మార్కుల ప్రశ్నగా బట్టీ పట్టే మనం, ఒక మనిషి చేస్తే మాత్రం నవ్వుతాం.

మరి ఫొటోగ్రాఫర్లే ఎందుకు? వాళ్ల పని పద్ధతి చూస్తే అర్థమవుతుంది. వాళ్ల నంబర్ బోర్డు మీద ఉంటుంది, ఇన్‌స్టాలో ఉంటుంది, ఆల్బమ్ చివరి పేజీలో ఉంటుంది. కొత్త నంబర్లు ఎత్తకపోతే వ్యాపారమే లేదు. ప్రతి కస్టమరూ మొదట ముక్కూమొహం తెలియనివాడే. మనిషిని చూడకుండానే అడ్వాన్స్ తీసుకోవడం మామూలు. పెళ్లంటే డెకరేషన్, మేకప్, క్యాటరింగ్ అని పదిమంది ఉంటారు కాబట్టి "మిగతాది వాళ్లకి పంపండి" అన్నా వింతగా అనిపించదు. పైగా సీజన్‌ని బట్టి ఆదాయం. ఖాళీ నెలలో వచ్చిన పెద్ద ఆర్డర్‌ని ఎక్కువ ప్రశ్నలు అడిగి పోగొట్టుకోవాలని ఎవరికుంటుంది? "తెలియనివాళ్లని నమ్మకండి" అనే సలహా మనకి పనికొస్తుందేమోగానీ, తెలియనివాళ్ల దగ్గరే బతుకుతెరువు ఉన్నవాళ్లకి పనికిరాదు.

ఇంకో విషయం ఉంది, చెప్పుకోవడానికి నాకు కొంచెం సిగ్గుగానే ఉంది. ఆ పేమెంట్ యాప్ బాబాయ్ ఫోన్‌లో వేసింది నేనే, ఇంటర్ సెలవుల్లో. భాష అడిగితే ఇంగ్లీష్ నొక్కాను. తెలుగు ఉంది. కానీ నేను చదివిందంతా ఇంగ్లీష్ మీడియం, నాకు తెలుగు మెనూలు చదవడం స్లో. నా సౌకర్యం కోసం నొక్కేశాను. ఫోన్‌లో హిందీ, స్క్రీన్ మీద ఇంగ్లీష్, అవతల ఆపరేషన్ హడావిడి. రెండోసారి అడిగితే భాష రాదని తెలిసిపోతుందేమోనని సంకోచం. వీటన్నిటి మధ్య బాబాయ్‌కి తన సొంత భాషలో ఒక్క నిమిషం ఆలోచించుకునే అవకాశం దొరకలేదు. తెలుగులో ఉంటే కచ్చితంగా మోసపోయేవాడు కాదని నేననను. కానీ బ్యాలెన్స్ ఎక్కడ చూడాలో వెతుక్కునే పని కొంచెం తగ్గేది.

ఇప్పుడు నవ్వు సంగతి. 2021లో కేంద్రం ఈ సైబర్ ఆర్థిక మోసాల కోసం హెల్ప్‌లైన్ పెట్టింది, ఇప్పుడు దాని నంబరే 1930. ఫిర్యాదు అందగానే ఆ డబ్బు ఏ ఖాతాలోకి వెళ్లిందో ఆ బ్యాంకుకి సమాచారం పోతుంది, అక్కడ ఇంకా ఉంటే ఆపుతారు. దొంగలు డబ్బుని ఒక ఖాతాలో ఉంచరు, నిమిషాల్లో ఇంకోదానికి, ఇంకోదానికి మార్చేస్తారు. అందుకే మొదటి గంట చాలా ముఖ్యం. బాబాయ్ ఫిర్యాదు వెళ్లింది రెండు రోజుల తర్వాత. ఆ రెండు రోజులూ ఆయన ఎందుకు ఆగాడు? నంబర్ తెలియక కాదు, షాపు పక్కన గోడ మీదే పోస్టర్ ఉంది. నలుగురూ నవ్వుతారని ఆగాడు. తప్పుగా అనుకోలేదు కూడా. నేను నవ్వాను కదా! ఆ డబ్బు ఇప్పటిదాకా రాలేదు.

అంటే మన నవ్వు దొంగకి ఉచితంగా రెండు రోజుల టైమ్ ఇచ్చింది.

"అయితే జాగ్రత్తలు చెప్పొద్దా?" అంటారేమో. చెప్పాలి. కానీ ఆ మంచి అలవాటుని తిట్టకుండా, దానికి ఒక దారి చూపించేలా చెప్పాలి. నేను బాబాయ్‌కి చెప్పింది ఇదీ: మెసేజ్ అంటే డబ్బు కాదు, బ్యాలెన్స్ మాత్రమే డబ్బు. ఫోన్ పెట్టేసి, యాప్‌లో నువ్వే చూసుకో. బ్యాంకు మెసేజ్ పదంకెల మొబైల్ నంబర్ నుంచి రాదు, అక్షరాల పేరుతో వస్తుంది. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, దానికోసం పిన్ కొట్టమన్నారంటే డబ్బు పోతున్నట్టే. ఇక అన్నిటికంటే ముఖ్యమైనది, నిజంగానే ఎక్కువ డబ్బు వచ్చినా సరే, నీ చేత్తో ఇంకో నంబర్‌కి పంపకు. అది ఇంకో బాధితుడి ఖాతాలోంచి వచ్చిందయి ఉండొచ్చు. అప్పుడు ఆ గొలుసులో నువ్వూ ఒక లింకువి అవుతావు, నీ ఖాతా ఆగిపోవచ్చు. బ్యాంకుకి చెప్పు, వచ్చిన దారిలోనే వాళ్లే వెనక్కి పంపుతారు. నిజమైన కస్టమరైతే ఒక రోజు ఆగుతాడు.

ఇవన్నీ మనుషులకి నేర్పే పనులు. సిస్టమ్ చెయ్యాల్సిన పని కూడా ఉంది, అది రేపు మన పనే. యూపీఐలో ఎవరైనా ఎవరికైనా "కలెక్ట్ రిక్వెస్ట్" పంపే వీలుండేది. డబ్బు వస్తుందనుకుని జనం పిన్ కొట్టి పోగొట్టుకునేవాళ్లు. ఎన్నేళ్లు జాగ్రత్తలు చెప్పినా అది ఆగలేదు. చివరికి వ్యక్తుల మధ్య ఆ రిక్వెస్టులనే ఎన్‌పీసీఐ 2025 అక్టోబరు 1 నుంచి తీసేసింది. జనానికి తెలివి లేదని ఊరుకోకుండా తలుపే మూసేశారు. ఇలాంటివి ఇంకా చెయ్యొచ్చు. ఎప్పుడూ పంపని కొత్త నంబర్‌కి పెద్ద మొత్తం పంపుతుంటే, ఈ నంబర్ నుంచి మీకు ఇంతవరకూ ఒక్క రూపాయి కూడా రాలేదు అని వాడుకునేవాడి భాషలో ఒక్క లైన్ చూపిస్తే చాలు. బాబాయ్ ఆ లైన్ చదివి ఉంటే ఆగేవాడు. మినీ ప్రాజెక్ట్ ఐడియాల కోసం తిరుగుతున్న మనవాళ్లు ఎవరైనా దీన్ని ప్రోటోటైప్‌గా చేసి చూపించొచ్చు.

బాబాయ్ ఫోన్‌లో యాప్ ఇప్పుడు తెలుగులో ఉంది. స్టూడియో కౌంటర్ అద్దం కింద ఒక కాగితం పెట్టాడు: "ఎక్కువ వచ్చిన డబ్బు బ్యాంకు ద్వారానే వాపసు ఇవ్వబడును." శ్రావణంలో ఆర్డర్లు బాగానే వచ్చాయి. అడ్వాన్స్ పడిందని ఎవరన్నా అంటే, "ఒక్క నిమిషం అండీ" అని ఫోన్ పెట్టేసి చూసుకుని మళ్లీ చేస్తున్నాడు. ఆ ఒక్క నిమిషానికి ఇప్పటిదాకా ఏ కస్టమరూ కోప్పడలేదట.

అచ్చుకి ఇచ్చే ముందు ఈ వ్యాసం బాబాయ్‌కి చదివి వినిపించాను. హాస్టల్ జోకు దగ్గర నాకే గొంతు తగ్గింది. ఆయన మాత్రం ఏమీ అనలేదు. స్టూడియో పేరు వెయ్యొద్దన్నాడు. మిగతాదంతా అలాగే ఉంచమన్నాడు.