ముట్లు ఆగినంత మాత్రాన వైద్యం ఆగకూడదు

పదవీ విరమణ తరువాత మేము నరసన్నపేటలో చేస్తున్న సేవ చాలా చిన్నది. పింఛను దరఖాస్తు, రేషను కార్డులో పేరు దిద్దుబాటు, ఆధార్‌లో పుట్టిన తేదీ సవరణ వంటి కాగితాలు రాసి పెట్టడమే మా పని. ఏళ్ల తరబడి ప్రభుత్వ కార్యాలయంలో ఫైళ్లు నడిపిన చేతికి అది కష్టం కాదు. కష్టం కాగితం పూర్తయిన తరువాత మొదలవుతుంది. వచ్చిన స్త్రీ వెంటనే లేవదు. వెంట వచ్చిన కోడలో, మనవడో బయటికి వెళ్లేదాకా ఆగుతుంది. ఆపైన దుపట్టా సర్దుకుని, గొంతు తగ్గించి, "ఆపా, ఒక్క మాట" అంటుంది.

ఆ మాట చాలాసార్లు ఒకటే. ముట్లు ఆగిపోయాక మర్మావయవాల వద్ద దురద, మంట, పొడిబారడం. మూత్రం పోసేటప్పుడు సూదులు గుచ్చినట్లుండటం. దగ్గినా తుమ్మినా రెండు చుక్కలు జారడం. భర్త దగ్గరికి వస్తే భయం. ఒక సోదరి మూడేళ్లుగా ఈ బాధను ఎవరికీ చెప్పలేదు. మందుల షాపులో "దురద" అని మాత్రమే చెప్పి, గజ్జి తామరలకు వాడే క్రీము తెచ్చుకుని నెలల తరబడి రాసుకున్నది. చర్మం మరింత పలుచబడి పగిలింది. ఆమె మమ్మల్ని అడిగిన ప్రశ్న మాత్రం మందు గురించి కాదు. "నా నమాజు చెల్లుతోందా ఆపా?" అని అడిగింది.

ఆ ప్రశ్నే మా చేత ఈ వ్యాసం రాయిస్తున్నది. ఇటువంటి విషయం పత్రికకెక్కాలా అని కొందరు పెద్దలకు తోచవచ్చు. మదీనా అన్సార్ స్త్రీలు ధర్మ విషయాలు తెలుసుకోవడానికి సిగ్గును అడ్డు రానీయలేదని హజ్రత్ ఆయిషా (రజి) మెచ్చుకున్న సంగతి మన ఇళ్లలో తెలియనిది కాదు. స్నానం గురించి, శుద్ధి గురించి, శరీరం గురించి ఆ స్త్రీలు ప్రవక్త (స) సన్నిధిలోనే అడిగి తెలుసుకున్నారు. హయా అంటే అసభ్యతకు దూరంగా ఉండటం. నొప్పిని దాచుకుని నలిగిపోవడం దాని అర్థం కాదు.

ముందుగా శరీరంలో జరిగేదేమిటో తెలుసుకుందాం. ముట్లు ఆగే వయసులో అండాశయాలు ఈస్ట్రోజన్ అనే హార్మోనును తయారుచేయడం బాగా తగ్గిపోతుంది. యోని లోపలి పొరను మందంగా, తడిగా, సాగే గుణంతో ఉంచేది ఆ హార్మోనే. అది తగ్గితే పొర పలుచబడుతుంది, తడి ఆరిపోతుంది. అక్కడ ఉండి రోగక్రిములను అడ్డుకునే మేలు చేసే సూక్ష్మజీవులు కూడా తగ్గుతాయి. సహజమైన ఆమ్లగుణం పోతుంది. మూత్రనాళపు పొరకూ ఇదే గతి పట్టడం వల్ల మూత్రంలో మంట, మళ్లీ మళ్లీ ఇన్ఫెక్షన్లు వస్తాయి. అందుకే 2014లో వైద్య సంఘాలు ఈ లక్షణాలన్నిటినీ కలిపి ఒకే సమస్యగా గుర్తించి కొత్త పేరు పెట్టాయి. ముట్లు ఆగిన స్త్రీలలో దాదాపు సగం మందికి ఇది ఏదో ఒక స్థాయిలో ఉంటుంది. ఒంట్లో ఆవిర్లు కొన్నేళ్లకు వాటంతటవే తగ్గవచ్చు. ఈ బాధ మాత్రం చికిత్స లేకుంటే సాధారణంగా తగ్గదు, వయసుతో పెరుగుతుంది. కనుక "నాలుగు రోజులు ఓర్చుకో, అదే పోతుంది" అన్న ఇంటి పెద్దల సలహా ఇక్కడ పనికిరాదు.

మన జిల్లాలో ఈ బాధకు మరో భయం తోడవుతున్నది. మూత్రంలో మంట అనగానే అందరికీ ఉద్దానం కిడ్నీ వ్యాధి గుర్తుకు వస్తుంది. ఆ భయంతో కొందరు పరీక్షల కోసం డబ్బు పోసుకుంటారు. మరికొందరు ఏ వార్త వినవలసి వస్తుందోనని ఆసుపత్రి గడపే తొక్కరు. మూత్ర పరీక్ష, షుగరు పరీక్ష తప్పక చేయించుకోవలసిందే. మధుమేహం అదుపులో లేకున్నా అక్కడ దురద పుడుతుంది. కాని ఆ పరీక్షలన్నీ బాగుండి కూడా బాధ ఉంటే, "మీకు ఏమీ లేదు" అని పంపివేయడం వైద్యం అనిపించుకోదు.

ఇక ఉపశమనం సంగతి. మొదటి మెట్టు ఇంట్లోనే ఉన్నది. పరిశుభ్రత మీద పట్టింపుతో మన స్త్రీలు రోజుకు ఐదారుసార్లు సబ్బుతో కడుగుతారు. కొందరు డెట్టాల్ కలిపిన నీళ్లు వాడుతారు. అసలే ఆరిపోయిన చర్మాన్ని ఇవి మరింత ఆర్పివేస్తాయి. తహారత్‌కు మామూలు నీళ్లు చాలు. లోపలి వరకు కడగడం, సువాసన ద్రవాలు, పౌడర్లు మానుకోవాలి. రుద్దకుండా మెత్తటి నూలు బట్టతో అద్దుకోవాలి. లోపలి దుస్తులు నూలువై, వదులుగా ఉండాలి.

రెండవ మెట్టు తడినిచ్చే జెల్లులు. హార్మోను లేని మాయిశ్చరైజరును వారానికి రెండు మూడుసార్లు వాడవచ్చు. దాంపత్య సమయంలో వాడే నీటి ఆధారిత లూబ్రికెంటు వేరు, అది అప్పటికప్పుడు ఒరిపిడి తగ్గించేది. రెండింటికీ డాక్టరు చీటీ అవసరం లేదు.

వీటితో తగ్గకపోతే మూడవ మెట్టు, యోనిలో వాడే ఈస్ట్రోజన్ క్రీము. దీనిని వైద్యురాలి సలహాతోనే వాడాలి. సాధారణంగా మొదటి రెండు వారాలు ప్రతి రాత్రి, ఆ తరువాత వారానికి రెండు రాత్రులు వాడమంటారు. పూర్తి గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. మానేస్తే బాధ తిరిగి వస్తుంది కనుక కొనసాగించవలసి ఉంటుంది. తక్కువ మోతాదులో వాడే ఈ క్రీము రక్తంలోకి చేరేది బహు స్వల్పం. హార్మోను మాత్రల గురించి 2002లో అమెరికాలో వెలువడిన పరిశోధన పుట్టించిన భయం ఈ క్రీమును కూడా చుట్టుకున్నది. 2025 నవంబరులో ఆ దేశపు ఔషధ నియంత్రణ సంస్థే ఇటువంటి మందుల మీది తీవ్ర హెచ్చరికలను తొలగించే నిర్ణయం ప్రకటించింది. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు మాత్రం తమ క్యాన్సర్ వైద్యులను అడగకుండా దీనిని వాడరాదు. రాత్రి వేళ వాడే మందు కనుక రంజాన్ ఉపవాసాలకు ఇబ్బంది ఉండదు.

చేయకూడనివి కూడా చెప్పాలి. పైన చెప్పిన సోదరి వాడిన క్రీములో స్టెరాయిడ్ ఉన్నది. చర్మానికి రాసే అటువంటి 14 స్టెరాయిడ్ మందులను చీటీ లేకుండా అమ్మరాదని 2018లో కేంద్ర ప్రభుత్వం నిబంధన తెచ్చింది. అమ్మకం మాత్రం ఆగలేదు. వైద్యులు పరీక్షించి రాసినప్పుడు తప్ప వాటి జోలికి పోరాదు. నగరాల్లో లేజరు యంత్రాలతో యవ్వనం తెప్పిస్తామని వేలకు వేలు అడిగే ప్రకటనలనూ నమ్మరాదు. వాటి వల్ల కాలిన గాయాలు, మచ్చలు ఏర్పడుతున్నాయని 2018 జూలైలోనే అమెరికా సంస్థ హెచ్చరించింది. ముట్లు ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనిపించినా, గడ్డ, మానని పుండు, తెల్లని మచ్చ కనిపించినా ఆలస్యం చేయకుండా వైద్యురాలిని కలవాలి.

ఆ సోదరి అడిగిన నమాజు ప్రశ్నకు కూడా జవాబు ఉన్నది. మూత్రపు చుక్కలు ఆగని వారిని ధర్మశాస్త్రం 'మాజూర్'గా పరిగణించి సడలింపు ఇచ్చింది. అటువంటి వారు ప్రతి నమాజు వేళకు ఒక వుజూ చేసుకుంటే చాలునని మన ఉలమాలు చెబుతారు. తనకు అది వర్తిస్తుందా లేదా అన్నది తెలిసిన ఆలిమాను అడగాలి. ఆ ఒక్క మాట చెప్పేవారు లేక ఎందరు తల్లులు అనుమానంతో ముసల్లా మీద కుమిలిపోతున్నారో!

ఇంతవరకు చెప్పినది ఇంటి సంగతి. ఇది హక్కుల పత్రిక కనుక ప్రభుత్వం సంగతి కూడా చెప్పాలి. గుమాస్తాగా మేము నేర్చుకున్న సత్యం ఒకటున్నది. ఫారంలో గడి లేని విషయం ప్రభుత్వం కంటికి కనబడదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే స్త్రీలను 15 ఏళ్ల నుండి 49 ఏళ్ల వరకే ప్రశ్నిస్తుంది. అంటే బిడ్డను కనే వయసు దాటగానే స్త్రీ ఆ లెక్కలోంచి జారిపోతుంది. గర్భిణికి కార్డు ఉన్నది, కాన్పుకు పథకం ఉన్నది, పసిబిడ్డకు టీకా ఉన్నది. ఆ బిడ్డలను కని పెంచిన యాభై ఏళ్ల తల్లికి ఏమున్నది?

మన రాష్ట్రంలో ఈ ప్రశ్నకు మరింత బరువు ఉన్నది. 2015-16 సర్వే ప్రకారం గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతంలో దేశంలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. 15-49 ఏళ్ల వారిలో నూటికి దాదాపు 9 మంది. దేశ సగటు మూడుకు కాస్త పైన. అనవసరమైన గర్భసంచి ఆపరేషన్లపై డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన వ్యాజ్యంలో, కేంద్ర మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసివేస్తే హార్మోను ఒక్కసారిగా పడిపోతుంది. అండాశయాలు మిగిల్చినా అవి కొన్నేళ్లు ముందుగానే ఉడిగిపోవచ్చు. అంటే ముప్ఫై ఎనిమిదేళ్ల స్త్రీ కూడా ఈ బాధల పాలవుతుంది. కోత కోసిన రోజున ఆమెకు ఈ సంగతి చెప్పేవారు ఎందరు?

మా జిల్లాలో ముస్లింలు నూటికి ఒక్కరు కూడా లేరు. చిన్న సముదాయంలో అందరూ అందరికీ తెలిసినవారే. మందుల షాపు వానికి మామ తెలుసు, ఆటో నడిపేవాడు చుట్టం. శ్రీకాకుళం పెద్దాసుపత్రికి వెళ్లాలంటే తోడు కావాలి, తోడు వచ్చిన వారికి కారణం చెప్పాలి. అందువల్ల దగ్గరలో, మరుగున్న గదిలో, స్త్రీ వైద్యురాలు దొరకడం మన స్త్రీలకు సౌకర్యం మాత్రమే కాదు. అది లేకపోతే వారికి వైద్యమే లేదు. ఈ కష్టం ముస్లిం స్త్రీలకే పరిమితమని మేము అనడం లేదు. పొలం పనికి పోయే పొరుగింటి అక్కకూ ఇదే బాధ, ఇదే మౌనం. మనం అడిగి సాధిస్తే ఆమెకూ మేలు జరుగుతుంది.

కనుక మేము కోరేవి పెద్దవి కావు. ముప్ఫై దాటిన వారి ఇళ్లకు వచ్చి ఆశా కార్యకర్తలు నింపే ఆరోగ్య ఫారంలో ముట్లు ఆగాక రక్తస్రావం ఉన్నదా అన్న ప్రశ్న ఇప్పటికే ఉన్నది. దాని పక్కనే దురద, మంట, పొడిబారడం గురించి మరొక గడి చేర్చాలి. మండల స్థాయి ఆసుపత్రుల్లో వారానికి ఒక రోజైనా స్త్రీ వైద్యురాలు ఈ వయసు వారిని ప్రత్యేకంగా చూడాలి. ఈస్ట్రోజన్ క్రీము ఉచితంగా అందాలి. గర్భసంచి ఆపరేషన్‌కు ముందు తరువాతి పరిణామాలను తెలుగులో, ఉర్దూలో చెప్పి మరీ సంతకం తీసుకోవాలి.

ప్రభుత్వం చేసేలోగా మనం చేయగలిగినదీ ఉన్నది. స్త్రీల ఇజ్తెమాలలో ముఅల్లిమాలు శుద్ధి పాఠంతో పాటు ఈ సంగతి కూడా చెప్పవచ్చు. ఏడాదికి రెండుసార్లు ఒక వైద్యురాలిని పిలిపించవచ్చు. భర్తలకు మా విన్నపం ఒకటే. భార్య దూరంగా జరిగితే అది అయిష్టమని, వయసు మళ్లిన విముఖత అని నిందించవద్దు. నొప్పి ఉన్నదేమో అడగండి. ఆసుపత్రికి మీరే తోడు వెళ్లండి. కారణం ఎవరికీ చెప్పనవసరం లేదు.

ఆ సోదరి చివరకు కోడలికి చెప్పింది. కోడలే తీసుకువెళ్లింది. రెండు నెలల తరువాత పింఛను పని మీద వచ్చి, ఈసారి కాగితం పూర్తి కాగానే లేచి వెళ్లిపోయింది. గడప దగ్గర ఆగి, తన చెల్లెలిని పంపనా అని మాత్రం అడిగింది. పంపమన్నాము.