షెడ్డులోకి వద్దన్న బీడీ మన కంటికి మంచిదా?



పురుగుల షెడ్డులోకి ఎవరైనా బీడీతో వస్తే ఊరుకుంటామా? "బయట ఆర్పేసి, చేతులు కడుక్కొని రా" అంటాం. పొగాకు పురుగుకు విషమని మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. అదే పొగ మన కంటిని ఏం చేస్తుందో మాత్రం అడగం.

కంట్లో శుక్లం తొందరగా రావడానికి పొగ కూడా ఒక కారణం. శుక్లమైతే పావగడ శారదాదేవి కంటి ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించుకోవచ్చు, చూపు వస్తుంది. కంటి వెనక పొరలో నడిభాగం దెబ్బతింటే మాత్రం పోయిన చూపు తిరిగి రావడం కష్టం. ఎదుటి మనిషి ముఖమే మసకైపోతుంది. వయసు మీద పడ్డాక వచ్చే ఈ జబ్బు పొగ తాగేవాళ్లకు రెండు నుంచి నాలుగు రెట్లు ఎక్కువ.

మన పనంతా కంటి మీదే కదా! పురుగు మీద ఊజీ ఈగ పెట్టిన తెల్లగుడ్డు చూడాలి, పండిన పురుగును ఏరాలి, మరక గూడు తీసెయ్యాలి.

ఆస్ట్రేలియాలో 2006లోనే సిగరెట్ పెట్టెల మీద గుడ్డితనం గురించి హెచ్చరిక వేయడం మొదలుపెట్టారు. మన పెట్టెల మీద 85 శాతం హెచ్చరికే అయినా, కంటి ఊసు లేదు. అది రావాలి. వచ్చేదాకా కంటి క్యాంపుల్లో, గూళ్ల మార్కెట్లో మనమే చెప్పుకోవాలి. చావు ఎప్పుడో అనుకునేవాడు కూడా చూపు పోతుందంటే ఆగి వింటాడు.

మానాలనుకుంటే 1800-11-2356కి ఫోన్ చేయండి, ఉచితం. షెడ్డు గడప దగ్గర ఆర్పిన బీడీని మళ్లీ వెలిగించకండి.