తాళంచెవి జేబులో... దొంగ గుమ్మంలో!

రిమోట్ తాళంచెవి జేబులో ఉంటే చాలు, హ్యాండిల్ పట్టుకోగానే తలుపు తెరుచుకుంటుంది. 1990ల చివర్లో మెర్సిడెస్ ఎస్-క్లాస్‌లో వచ్చిన ఈ సదుపాయం ఇప్పుడు చాలా కార్లలో ఉంది. కారు పంపే సంకేతానికి రిమోట్ జవాబిస్తుంది. చిక్కల్లా అక్కడే! ఇంట్లోని రిమోట్ సంకేతాన్ని దొంగలు రెండు పరికరాలతో కారు దాకా చేరవేయగలరు. అద్దం పగలదు, అలారం మోగదు.

అందుకే రాత్రిళ్లు రిమోట్‌ని గుమ్మం పక్కన తగిలించకండి. మూత బిగుతుగా ఉండే రేకు డబ్బాలో పెట్టండి. ఆ డబ్బాతో కారు దగ్గరికెళ్లి హ్యాండిల్ లాగండి. తలుపు తెరుచుకుందా... డబ్బా మార్చాల్సిందే!

రిమోట్ బ్యాటరీ అయిపోతే? కంగారొద్దు. చాలా రిమోట్లలో చిన్న మామూలు తాళంచెవి దాగి ఉంటుంది. దాంతో తలుపు తీస్తే అలారం మోగొచ్చు. కారుతో ఇచ్చిన పుస్తకంలో చూపిన చోట రిమోట్ ఉంచి స్టార్ట్ చేస్తే సరి. ఆ చోటేదో ఇవాళే చూసి పెట్టుకోండి.