శిక్షయా? శిక్షణయా?

శిక్ష, శిక్షణ అనే రెండు మాటలూ ఒకే ధాతువు నుండి పుట్టినవి. సంస్కృతంలో శిక్ష అంటే నేర్చుకొనటం. ఆరు వేదాంగాలలో ఒకటైన శిక్ష ఉచ్చారణ శాస్త్రమే గాని దండన శాస్త్రం కాదు. హిందీ మాట్లాడేవారు నేటికీ విద్యను శిక్షా అనే పిలుస్తారు. మన తెలుగులోనూ, పొరుగున ఉన్న కన్నడ, మరాఠీ భాషలలోనూ మాత్రం ఆ మాట దండనమై కూర్చున్నది. వీధిబడి పంతుళ్ల కోదండం, గోడకుర్చీ, తొడపాశం ఈ అర్థవిపరిణామానికి ఎంత దోహదం చేశాయో భాషాశాస్త్రజ్ఞులు తేల్చవలసిన విషయం! ఉర్దూ విభాగపు మిత్రులకు ఇటువంటిదే మరొక మాట తెలుసు. అదబ్ అంటే మర్యాద. అదబ్ అంటే సాహిత్యం కూడా. రచయిత అదీబ్. అదే ధాతువు నుండి వచ్చిన తాదీబ్ అనే మాటకు సరిదిద్దటమనీ దండించటమనీ రెండర్థాలూ ఉన్నవి. అక్షరానికీ క్రమశిక్షణకూ గల చుట్టరికం ఈ రెండు భాషలకూ పాతదే.

ఈ చుట్టరికాన్ని గురించి నేను ఆలోచించటానికి కారణం మన విద్యార్థులే. తెల్లవారకముందే తిరువూరు రోడ్డు మీద పరుగులు తీస్తూ సైనిక నియామకాలకు సిద్ధపడే యువకులు మన ఎ.కొండూరు ప్రాంతంలో కొత్త కాదు. పశ్చిమగోదావరి జిల్లా మాధవరంలా 'మిలటరీ' అన్న బిరుదు మన ఊళ్లకు లేకపోవచ్చు. తండాలలోను, పల్లెలలోను ఆ ఆశ మాత్రం ఉన్నది. 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ పథకం ప్రకారం పదిహేడున్నర ఏళ్ల కుర్రవాడు అగ్నివీరుడు కావచ్చు. నాలుగేళ్ల సేవ తరువాత నూటికి ఇరవై ఐదుగురి వరకు మాత్రమే సైన్యంలో కొనసాగుతారు. ఇంటర్మీడియట్ తరగతిలో మన ఎదుట కూర్చున్న వయస్సే అది. ఆ వయస్సువాడు ఆలస్యంగా లేస్తాడు, బూటు తుడవటం మరుస్తాడు, పైవాడికి ఎదురు చెబుతాడు. అప్పుడు వానిని ఏమి చేయవలె?

పూర్వం సమాధానం సులభం: కొరడా. మద్రాసు సైన్యంలో మన తెలుగు సిపాయిలు కూడా ఆ కొరడా ఎరుగుదురు. 1806లో కొత్త తలపాగా ధరించమని నిరాకరించిన సిపాయిలను కొరడాలతో కొట్టించటం వెల్లూరు తిరుగుబాటుకు ముందు జరిగిన ఘట్టమే. అప్పుడు మద్రాసు గవర్నరుగా ఉన్న విలియం బెంటింకు, గవర్నర్ జనరల్ అయిన తరువాత 1835లో దేశీయ సైన్యంలో కొరడా దండనను రద్దు చేశాడు. పదేళ్లకే, 1845లో, హార్డింజి దానిని తిరిగి తెచ్చాడు. తెల్ల సిపాయి వీపుకు 1881లో విముక్తి లభించింది. నల్ల సిపాయి వీపు 1920 దాకా వేచి ఉండవలసి వచ్చింది. ఈ తేదీల మధ్య దూరం చూస్తే, క్రమశిక్షణ పేరిట జరిగినదంతా క్రమశిక్షణ కోసమే జరిగిందని నమ్మటం కష్టం.

స్వతంత్ర భారతంలో 1950 నాటి సైనిక చట్టం ఈ విషయంలో ఎంతో మర్యాదస్తురాలు. క్రింది ఉద్యోగిపై చేయి చేసుకున్నా, మరొక విధంగా హింసించినా, పైవానికి సెక్షన్ 47 ప్రకారం ఏడేళ్ల వరకు ఖైదు పడవచ్చు. చిన్న తప్పులకు కమాండింగ్ ఆఫీసరు వెంటనే విధించగల దండనలు సెక్షన్ 80లో ఉన్నవి: ఇరవై ఎనిమిది రోజుల వరకు నిర్బంధం, లైన్లు దాటకుండా కట్టడి, అదనపు కాపలా, మందలింపు, జీతంలో కోత మొదలైనవి. వ్యాసం వ్రాయించటం ఆ జాబితాలో లేదు.

అయితే వ్రాత లేకపోలేదు. వ్రాసేవాడే వేరు. దండన పొందిన సిపాయి ప్రవర్తన పత్రంలో అధికారి ఎర్రసిరాతో ఒక పద్దు వ్రాస్తాడు. దానినే రెడ్ ఇంక్ ఎంట్రీ అంటారు. అటువంటివి నాలుగు చేరితే ఉద్యోగానికి ముప్పు. నాలుగు చేరినంత మాత్రాన ఇంటికి పంపివేయటం తప్పనిసరి కాదనీ, తప్పుల స్వభావాన్ని, సేవాకాలాన్ని, కఠినమైన ప్రదేశాలలో చేసిన ఉద్యోగాన్ని కూడా గమనించాలనీ సుప్రీంకోర్టు 2015లో స్పష్టం చేయవలసి వచ్చింది. ఎర్రసిరాలో అధికారి వ్రాసిన ఒక వాక్యం ఒక కుటుంబం అన్నం మీదికి వస్తుంది. ఆ వాక్యానికి ఎదురుగా సిపాయి తన మాటలలో తాను వ్రాసుకొన్న పుట ఒకటి ఉంటే ఎంత బాగుండును!

ఇక్కడే అమెరికా సైన్యపు పద్ధతి ఒకటి చెప్పుకోదగినది. అమెరికాను అన్నిటా అనుకరించమని నా అభిప్రాయం కాదు. కాని ఆ దేశపు సైన్యంలో మనవారున్నారు. 2009లో ఆరంభించి 2016లో నిలిపివేసిన ఒక ప్రత్యేక నియామక పథకం క్రింద, అక్కడి సైన్యం తనకు కావలసిన భాషల జాబితాలో తెలుగును, ఉర్దూను కూడా చేర్చింది. మన పత్రిక రెండు భాషలూ ఒకేసారి ఒక సైన్యం అక్కరకు వచ్చాయన్న మాట! అక్కడ చిన్న సిపాయి తప్పు చేస్తే సార్జెంటు 4856 అనే సంఖ్య గల పత్రం తీస్తాడు. ఏమి జరిగింది, ఎందుకు తప్పు, ఇకపై ఏమి చేయాలి అన్నవి వ్రాస్తాడు. సిపాయి దానిని చదివి, అంగీకరిస్తున్నానో లేదో గుర్తుపెట్టి, తన మాట తాను వ్రాసి సంతకం చేస్తాడు. చిన్న తప్పులకు వ్యాసం వ్రాయమనటం కూడా అక్కడి సార్జెంట్ల అలవాటు. వేళకు రావలసిన అవసరం ఏమిటి, ఆయుధాన్ని కాపలా లేకుండా వదిలితే ఏమవుతుంది అన్నవి సాధారణంగా ఇచ్చే విషయాలు. సరిదిద్దే పని తప్పుకు నేరుగా సంబంధించినదై ఉండాలనీ, దాని స్వభావం శిక్షణే గాని శిక్ష కాకూడదనీ వారి నిబంధన. మనం విడిపోయినవనుకొన్న రెండు మాటలూ అక్కడ ఒక నిబంధనలో ఎదురుపడినవి.

ఆ పత్రంలో నన్ను ఆకర్షించినది మరొకటి. సరిదిద్దటంలో పైవాని బాధ్యత ఏమిటో వ్రాయటానికి అందులో ఒక గడి ఉన్నది. తరువాత కొన్నాళ్లకు ఇద్దరూ మళ్లీ కూర్చుని, అనుకొన్నది జరిగిందో లేదో వ్రాయటానికి ఇంకొక గడి ఉన్నది. ఆ గడులను అందరూ శ్రద్ధగా నింపుతారని నేను అనను. ఏ దేశంలోనైనా గుమాస్తాతనం గుమాస్తాతనమే. ఐనా ఆ గడి ఉండటమే ఒక విలువ. మన విద్యాలయాలలో దండన పత్రం ఏదైనా తీసి చూడండి. విద్యార్థి ఏమి చేయాలో ఉంటుంది. మేము ఏమి చేస్తామో ఉండదు.

వ్యాసరచనను దండనగా సమర్థించేవారితో నేను కొంతవరకు ఏకీభవిస్తాను. కలం పట్టినవాని కోపం చల్లారుతుంది. 'నేను ఎందుకిలా చేశాను' అని వ్రాయటానికి కూర్చున్నవాడు మొదటి పంక్తిలో అబద్ధం చెప్పవచ్చు. నాలుగో పంక్తికి ఆ అబద్ధాన్ని నిలబెట్టటం అతనికే కష్టమవుతుంది. ఎండలో నిలబెట్టినవాడు ఎండను గురించి ఆలోచిస్తాడు, నిలబెట్టినవానిని గురించి ఆలోచిస్తాడు. తన తప్పును గురించి ఆలోచించడు.

కాని తప్పు బరువుకు కాగితం బరువు సరిపోవాలి. 2024 మే 19న పూణే నగరంలో పదిహేడేళ్ల బాలుడు కారు నడిపి ఇద్దరు యువ ఇంజనీర్ల మరణానికి కారణమైనాడన్న కేసులో, బాలల న్యాయమండలి అతనికి ఆనాడే బెయిలిస్తూ రోడ్డు ప్రమాదాలపై మూడు వందల మాటల వ్యాసం వ్రాయమన్నది. దేశమంతా భగ్గుమన్నది. మూడు రోజులకే ఆ ఉత్తర్వు మారి బాలుడు పరిశీలనా గృహానికి వెళ్లాడు. జూన్ 25న బొంబాయి హైకోర్టు విడుదల చేయమన్నది. చట్టపు మంచిచెడ్డలు న్యాయవాదులకు వదిలివేస్తాను. భాష బోధించేవానిగా నాకు కలిగిన బాధ వేరు. ఆ రోజు నుండి వ్యాసం అనే మాట జనం నోట ఎగతాళి అయింది. ఇద్దరి ప్రాణాల ప్రక్కన పెట్టినప్పుడు ఏ వ్యాసమైనా అపహాస్యమే అవుతుంది. అది వ్యాసం తప్పు కాదు, దానిని అక్కడ పెట్టినవారి తప్పు.

నా అసలు సందేహం భాషను గురించినది. మన మండలంలోని తండా కుర్రవానిని తీసుకొనండి. ఇంట్లో లంబాడీ మాట్లాడతాడు. బడిలో తెలుగు నేర్చాడు. రేపు గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌కో, సికింద్రాబాదు శిక్షణ కేంద్రాలకో చేరితే అక్కడ వ్యవహారం హిందీ. పై కాగితాలు ఇంగ్లీషు. ఇతడు తన తప్పును గురించి ఏ భాషలో వ్రాయాలి? బ్రిటిషువారి కాలంలో సిపాయిలకు రోమన్ లిపిలో ఉర్దూ నేర్పి పరీక్షలు పెట్టేవారు. అది సైన్యం సౌకర్యం కోసం చేసినదే; ఐనా సిపాయి చేతికి ఒక వ్రాత వచ్చింది. 1909లో ఫౌజీ అఖ్బార్ పేరుతో మొదలై 1954లో సైనిక్ సమాచార్‌గా మారిన పత్రికలో తెలుగుకు కూడా చోటు దొరికింది. సిపాయికి తన భాషలో వార్తలు చెప్పవచ్చునని ఒప్పుకొన్నప్పుడు, తన భాషలో సంజాయిషీ చెప్పుకోవచ్చునని ఎందుకు ఒప్పుకోకూడదు? రాని భాషలో పశ్చాత్తాపం వ్రాయమంటే వ్యాకరణం తప్పులే మిగులుతాయి. మొదటి తప్పుకు అవి అదనం.

ఇంకొక భయం ఉన్నది. ఆజ్ఞపై వ్రాయించిన వ్యాసం రేపు ఎవరి చేతిలో పడుతుంది? నేరారోపణ పొందినవానిని తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టరాదని మన రాజ్యాంగం ఇరవయ్యో అధికరణంలో చెప్పింది. ఆ రక్షణను ఇటువంటి కాగితాలకు ఎంతవరకు వర్తింపజేస్తారన్నది అటుంచి, ఆత్మపరిశీలన పేరుతో వ్రాయించినది ఫైలులో ఒప్పుకోలుగా మారటం నమ్మకద్రోహం. నాలుగేళ్ల తరువాత ఎవరు ఉండాలో ఎవరు పోవాలో తేల్చే పథకంలో ఆ కాగితం మరీ ప్రమాదకరం. వ్యాసం వ్రాయించిన తరువాత, చదివి, మాట్లాడి, తిరిగి అతని చేతికే ఇచ్చివేయాలి.

ఈ మాటలన్నీ సైన్యానికే గాక మన ప్రాంగణానికీ వర్తిస్తాయి గనుక కమిటీ సభ్యుల దృష్టికి తెస్తున్నాను. పాఠశాలల్లో బెత్తాన్ని మన రాష్ట్ర ప్రభుత్వం 2002లోనే నిషేధించింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం శారీరక దండనతో పాటు మానసిక హింసను కూడా నిషేధించింది. బెత్తం పోయిన చోటికి ఇంపోజిషన్ వచ్చింది. 'ఇకపై ఆలస్యంగా రాను' అని వందసార్లు వ్రాసినవాడు నూటొకటవ రోజు ఆలస్యంగా వస్తాడు. వచ్చినా రాకపోయినా, వ్రాతను మాత్రం ద్వేషిస్తాడు. నేను చదువుకొన్న ఒక కళాశాలలో సమ్మె మరునాడు నలభై మంది చేత ఒకే క్షమాపణ పత్రం చెప్పి వ్రాయించారు. నలభై చేతివ్రాతలు, ఒకే వాక్యం. వాటిని ఎవరూ చదవలేదు. చదవటానికి ఏముంది గనుక?

రాబోయే సంవత్సరం నుండి మన కార్యాలయంలో చెప్పి వ్రాయించే క్షమాపణ పత్రాలను మానవలసిందిగా కోరుతున్నాను. తప్పు చేసిన విద్యార్థి తెలుగులోనో, ఉర్దూలోనో, తనకు చేతనైన భాషలో ఒక పుట వ్రాయవచ్చు. ఆ పుటను ఎవరు చదవాలి, చదివిన తరువాత ఆ విద్యార్థితో ఎన్నడు కూర్చుని మాట్లాడాలి అన్నది ముందుగా నిర్ణయించి, ఆ అధ్యాపకుని పేరు కూడా అదే కాగితం మీద వ్రాయించవలెను.