నీరు పల్లమెరుగు, నిధులు?

సెప్టిక్ ట్యాంకులు తోడే లారీ ఆ సరుకు ఎక్కడ దింపుతుందో డెల్టాలో పుట్టినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. చీకటి పడ్డాక ఊరి శివారు డ్రెయిను వంతెన మీద ఆగుతుంది. క్లీనరు కుర్రాడు దిగి లావుపాటి గొట్టం రెయిలింగు మీదుగా కిందికి వదులుతాడు. సెల్‌ఫోను వెలుతురులో పది నిమిషాల పని. గుర్రపుడెక్క కాస్త పక్కకు జరిగి మళ్లీ కమ్ముకుంటుంది. పట్టణంలో ఇంటాయన వెయ్యో రెండు వేలో చేతిలో పెట్టి పీడ వదిలిందనుకుంటాడు. నిజానికి వదల్లేదు, పక్క పంచాయతీకి బదిలీ అయింది.

ఆ బదిలీ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? ఆ డ్రెయిన్లు చివరికి చేరే కొల్లేటి సరస్సు గురించి మనం ఏళ్ల తరబడి చేసే చర్చలో ఈ ప్రశ్న ఎందుకో రాదు. అభయారణ్యం హద్దు కాంటూరు 5 ఉండాలా, 3కి తగ్గించాలా అన్న దగ్గరే మాట ఆగిపోతుంది. 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో పొక్లెయిన్లు పెట్టి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. 2008లో కాంటూరు తగ్గించాలని శాసనసభ తీర్మానం చేసింది. అజీజ్ కమిటీ వచ్చి వద్దంది. ఇదంతా భూమి గొడవ. అందులో ఓట్లున్నాయి, పట్టాలున్నాయి, కోట్ల రూపాయల చేపలున్నాయి. నీటి గొడవకు వచ్చేసరికి అంత గొంతు చించుకునే వాళ్లు లేరు.

కొల్లేటి పరీవాహక ప్రాంతం సుమారు 4,700 చదరపు కిలోమీటర్లు. మైలవరం కొండల్లో పుట్టిన బుడమేరు విజయవాడ మురుగును వెంటబెట్టుకుని వస్తుంది. తమ్మిలేరు ఏలూరు దగ్గర రెండు పాయలై ఊరిని చుట్టుకుని దిగుతుంది. గుడివాడ వైపు నుంచి, తాడేపల్లిగూడెం వైపు నుంచి పొలాల మురుగు, చెరువుల మురుగు, ఊళ్ల మురుగు డ్రెయిన్ల మీదుగా వచ్చి పడతాయి. ఇన్నింటికీ సముద్రానికి దారి ఒక్కటే, ఉప్పుటేరు. వానాకాలం వరద పోటెత్తితే కొంత కొట్టుకుపోతుంది. ఎండాకాలం సముద్రం పోటుకు ఉప్పునీరు ఎదురొస్తుంది. మధ్యలో లంక గ్రామాలు. కొల్లేటి నీళ్లే కావిళ్లతో మోసుకొచ్చి తాగేవాళ్లమని అక్కడి పెద్దవాళ్లు చెబుతారు. ఇప్పుడు అదే ఇళ్ల ముందు ఇరవై లీటర్ల మినరల్ వాటర్ టిన్నుల బండి ఆగుతుంది. టిన్ను కొనలేనివాళ్లు పంచాయతీ చెరువు నీళ్లతో సరిపెట్టుకుంటారు.

కైకలూరు వైపు ఒక పంచాయతీ ఆఫీసులో కూర్చున్నప్పుడు సర్పంచి గారిని అడిగాను. ఆవిడ సర్పంచి. మొదట పది నిమిషాలు మాట్లాడింది మాత్రం వాళ్లాయన. ఆయనకు ఫోనొచ్చి బయటికి వెళ్లాక ఆవిడ గొంతు విప్పింది. "మాకొచ్చే డబ్బుల్లో మంచినీళ్లకింత, పారిశుద్ధ్యానికింత అని గీత గీసి పంపుతారండి. చెరువులో నీళ్లు తేరడానికి పటిక బస్తాలు, బ్లీచింగు, ఫిల్టరు బెడ్డులో ఇసక మార్చడం, వీటికే సరిపోద్దండి. ఆ పాడు చేసింది మేం కాదు కదండీ. పైన ఎవరో చేస్తే మేం కడుక్కుంటన్నాం." కార్యదర్శి కుర్రాడు రికార్డు పుస్తకం తీసి చూపించాడు. నీటి పద్దులో వరసగా పటిక, క్లోరిన్, మోటారు రివైండింగు, మళ్లీ పటిక. మురుగు పద్దులో పూడిక తీత, డ్రెయిను పక్క తుప్పలు కొట్టించడం. సంపద తయారీ కేంద్రం అని గోడ మీద పచ్చరంగుతో రాసిన చెత్త షెడ్డు పక్కనే ఉంది, తాళం వేసి.

ఆవిడ చెప్పిన గీత 15వ ఆర్థిక సంఘం గీసింది. 2021 నుంచి 26 దాకా గ్రామీణ స్థానిక సంస్థలకు దేశం మొత్తమ్మీద 2,36,805 కోట్ల రూపాయలు సిఫారసు చేసి, అందులో 60 శాతం షరతుతో ఇచ్చింది. సగం తాగునీటికి, వాన నీటి నిల్వకు, నీటి పునర్వినియోగానికి. సగం పారిశుద్ధ్యానికి. పది లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలకూ ఇలాంటి లెక్కే వేసింది. ఆలోచన మంచిదే. పంచాయతీ అంటే సిమెంటు రోడ్డూ వీధిదీపమూ అనుకునే మన అలవాటుకు అది పగ్గం వేసింది. కాకపోతే ఆ డబ్బు జనాభానీ విస్తీర్ణాన్నీ చూసి వస్తుంది. ఎగువ ఊరా దిగువ ఊరా అని చూడదు. మురుగు పంపేవాడికీ మురుగు అందుకునేవాడికీ ఒకే కొలత. ఎగువ పట్టణం తన వాటాతో లోపలి కాలువలు సిమెంటు చేయించుకుంటే మురుగు ఇంకా వేగంగా దిగువకు చేరుతుంది. దిగువ పంచాయతీ తన వాటాతో దానికి పటిక కొంటుంది. రెండుచోట్లా ఆడిట్‌లో అభ్యంతరం ఉండదు. నిధులు సక్రమంగా ఖర్చయ్యాయి అన్న వినియోగ పత్రం రెండూ పంపుతాయి.

ఇదైనా చేతికి అందితే. కొన్నేళ్ల కిందట ఆర్థిక సంఘం నిధులను పంచాయతీ ఖాతాల నుంచి కరెంటు బకాయిల కింద రాష్ట్ర ప్రభుత్వం జమ చేసుకోవడం, సర్పంచులు పార్టీలు పక్కనబెట్టి రోడ్డెక్కడం చూశాం. కొందరు భిక్షాటన చేసి నిరసన తెలిపారు. మోటారు ఆడితేనే నీళ్లు, నీళ్లకు కరెంటు కావాలి కనుక అది తాగునీటి ఖర్చే కదా అని అప్పట్లో సమర్థించుకున్నవాళ్లున్నారు. ఆ లెక్కన రొయ్యల చెరువుకు యూనిట్ రూపాయిన్నరకు ఇచ్చిన కరెంటు ఏ పద్దు కిందికి వస్తుందో కూడా చెప్పి ఉండాల్సింది. చెరువులో ఏరేటర్ తిరగడానికి ఖజానా రాయితీ ఇస్తుంది. అదే చెరువు నీళ్లు పట్టుబడి రోజున డ్రెయిన్లోకి వదిలితే, శుభ్రం చేయడానికి ఎవరూ ఏమీ ఇవ్వరు. ఆక్వా సాగుకు లైసెన్సులిచ్చేందుకు 2020లో ప్రత్యేక చట్టం తెచ్చి రాష్ట్రస్థాయి ప్రాధికార సంస్థను పెట్టారు. చెరువు పక్కన బతికే ఊరి మాట ఆ ఏర్పాటులో ఎంత వినబడుతుందో లంకల్లో ఎవరినైనా అడగండి.

మురుగుకు డబ్బు కట్టడం డెల్టా రైతుకు కొత్త కాదు, ఇది మనం మరిచిపోయిన సంగతి. అరవయ్యో దశకంలో వరసగా ముంపు వచ్చి పంటలు పోతే మిత్రా కమిటీ వేశారు. డ్రెయిన్లు వెడల్పు చేయాలి, ఉప్పుటేరు బాగుచేయాలి అని అది చెప్పింది. డబ్బెక్కడిది అంటే, కృష్ణా గోదావరి డెల్టాల్లో ఎకరానికింత అని డ్రైనేజీ సెస్సు చట్టం 1968లో వచ్చింది. నీళ్లు ఇచ్చే కాలువకు నీటితీరువా, నీళ్లు తీసుకెళ్లే కాలువకు సెస్సు. తిట్టుకుంటూనే కట్టారు. ఆ సెస్సులో ఒక పెద్దమనిషి తరహా న్యాయం ఉంది. ఒక డ్రెయిను కింద ఉన్న ఆయకట్టు మొత్తం ఆ డ్రెయిను బాగుకోసం కట్టింది, ఏ ఊరి రైతు ఆ ఊరి గట్టుకని విడివిడిగా కట్టలేదు. అయితే అప్పటి మురుగు పొలంలో నిలిచిన వాననీరు మాత్రమే. అందులో ఊళ్ల మలమూత్రాలు, కోళ్ల వ్యర్థాలు, చెరువు మందులు లేవు. డ్రెయిన్ల శాఖ ఈరోజుకీ ప్రవాహం క్యూసెక్కుల్లో కొలుస్తుంది. ఆ క్యూసెక్కులో ఏముందన్నది వేరే శాఖ పని.

పట్టణాల సంగతికొస్తే న్యాయస్థానాలు చెప్పాల్సింది చెప్పేశాయి. పర్యావరణ సురక్షా సమితి కేసులో 2017 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మురుగు శుద్ధి బాధ్యత స్థానిక సంస్థలదేననీ, నడిపే ఖర్చుకు వాడుకదారుల నుంచి రుసుము వసూలు చేసే పద్ధతులు రూపొందించుకోవాలనీ అంది. ఆ కేసు హరిత ట్రైబ్యునల్‌కు వెళ్లాక 2019లో గడువులూ, గడువు దాటితే ఒక్కో డ్రెయినుకు నెలకు 5 లక్షల పరిహారమూ వచ్చాయి. పైగా అమృత్ పథకం కింద ఏలూరు, గుడివాడ లాంటి ఊళ్లు 2015 నుంచీ ఉన్నాయి. ప్లాంటు కట్టడానికి ఢిల్లీ డబ్బిస్తుంది, శంకుస్థాపన ఫొటో కూడా వస్తుంది. కట్టాక మోటార్లు తిప్పడానికి, ఆపరేటరుకు జీతం ఇవ్వడానికి ప్రతి నెలా ఎవరో ఇవ్వాలి. అక్కడ ఫొటో లేదు.

ప్రతి నెలా అనగానే చెత్త పన్ను గుర్తొస్తుంది. 2021లో పట్టణాల్లో ఇంటికి నెలకు 120 రూపాయల దాకా వేశారు. 2024లో అధికారం మారడానికి అది కూడా ఒక చిన్న కారణమైంది. ఆ అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి దాన్ని రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. రద్దును నేను తప్పుపట్టను. రేషన్ కార్డు ఇళ్లమీద కూడా పడిన పన్ను, వసూలు పేరిట షాపుల ముందు చెత్త పోసిన మొరటుతనం, అవి జనం మర్చిపోరు. కానీ ఆ అనుభవంతో ఇక పట్టణంలో ఏ రుసుమూ అడగకూడదని పార్టీలన్నీ ఒట్టేసుకుని కూర్చోవడమే చిక్కు. అడగనంత మాత్రాన ఖర్చు మాయమవదు. లంక గ్రామంలో టిన్ను కొనే కూలి మనిషి రోజూ చెల్లిస్తూనే ఉంటాడు, రసీదు లేకుండా.

అమెరికాలో మనవాళ్లు చాలామంది ఉండే మేరీలాండ్‌లో కూడా ఇదే తంటా. చీసాపీక్ అఖాతంలోకి ఆరు రాష్ట్రాల నీళ్లు దిగుతాయి. శుద్ధి ప్లాంట్ల ఆధునికీకరణకు 2004లో అక్కడ ఇంటికి నెలకు రెండున్నర డాలర్లు వేశారు. 2012లో అయిదు చేశారు. జనం దానికి ముతక పేరొకటి పెట్టి నవ్వుకున్నారు, కట్టారు. అదే 2012లో వాననీటి మురుగుకు పెద్ద కౌంటీలు రుసుము వేయాలని మరో చట్టం తెచ్చారు. దానికి వాన పన్ను అని పేరు పడింది. ఒక గవర్నరు ఎన్నిక దాని మీదే నడిచింది. 2015కల్లా తప్పనిసరి అన్న మాట తీసేశారు. మొదటిది బతికి రెండోది చావడానికి నాకు కనిపించే తేడా ఒకటుంది. మొదటి డబ్బు ఏ ప్లాంటుకు పోయిందో చూపించగలిగారు. రెండోది వానకు పన్నేంటి అన్న వెక్కిరింపును దాటి ముందుకు పోలేకపోయింది.

మన దగ్గర అసలు ఇరుకు అయిదారు స్థానిక సంస్థల డబ్బు ఒక డ్రెయినుకు చేరడంలో ఉంది. రాజ్యాంగం దీన్ని ముందే ఊహించింది. 74వ సవరణతో వచ్చిన 243 జడ్‌డి అధికరణం జిల్లా ప్రణాళికా సంఘం గురించి చెబుతూ, పంచాయతీలకూ మున్సిపాలిటీలకూ ఉమ్మడిగా ఉండే అంశాల్లో నీటి పంపకాన్నీ పర్యావరణ పరిరక్షణనూ పేరుపెట్టి మరీ చేర్చింది. పంచాయతీలు పొరుగు స్థానిక సంస్థతో ఉమ్మడి సంఘం వేసుకునే వీలు మన పంచాయతీరాజ్ చట్టంలోనూ ఉంది. జిల్లా ప్రణాళికా సంఘం సమావేశం అంటే మంత్రి వచ్చి పుస్తకం ఆవిష్కరించి వెళ్లే కార్యక్రమంగా మార్చుకున్నాం గాని, పని అక్కడే జరగాలి. ఇంకో మెలిక, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు చీల్చాక కొల్లేటి పరీవాహకం ఎన్టీఆర్, కృష్ణా, ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాల మధ్య చీలిపోయింది. బుడమేరు ఒక కలెక్టరు దగ్గర పుట్టి మరో కలెక్టరును దాటి ఇంకో కలెక్టరు పరిధిలో కలుస్తుంది. 2024 సెప్టెంబరులో అది విజయవాడను ముంచినప్పుడు గండ్లు పూడ్చడానికి సైన్యం దాకా వచ్చింది. మిగతా పదకొండు నెలలు అది మోసుకెళ్లే మురుగు ఏ ఒక్కరి ఫైలూ కాదు.

అందుకే డ్రెయిన్లవారీ ఖాతా ఉండాలంటాను. జిల్లా హద్దులు దాటినా ఒక డ్రెయిను మీద ఎగువ నుంచి దిగువ దాకా ఉన్న మున్సిపాలిటీలు, పంచాయతీలు అందులో సభ్యులు. మురుగు ఎక్కువ పంపే ఊరు ఎక్కువ వేయాలి. ఎవరు ఎంత పంపుతున్నారో తెలియాలంటే ప్రతి ఊరి హద్దులో నెలకోసారి నీటి నమూనా తీయాలి. అదేమీ రాకెట్ పని కాదు, డిగ్రీ కాలేజీ రసాయన శాస్త్రం ల్యాబులో అయ్యే పరీక్షలు కొన్ని, పెద్ద ల్యాబుకు పంపాల్సినవి కొన్ని. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది మూర్ఛలొచ్చి పడిపోయారు. రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. ఢిల్లీ నుంచి, హైదరాబాదు నుంచి సంస్థలు దిగాల్సి వచ్చింది. అది నీటివల్లేనని నేననడం లేదు. కిందటి నెల లెక్క చేతిలో ఉంటే అలాంటప్పుడు పోల్చి చూసుకోవడానికి ఒక ఆధారం ఉండేది.

ఏలూరులో సుమారు యాభై వేల ఇళ్లనుకోండి. పేదల ఇళ్లు మినహాయించినా మిగిలినవాళ్లు, హోటళ్లు, కల్యాణ మండపాలు, ఆసుపత్రులు కలిసి సగటున ఇంటికి పది రూపాయల లెక్కన వేసినా నెలకు 5 లక్షలు. ట్రైబ్యునల్ ఒక డ్రెయినుకు పరిహారంగా చెప్పిన సొమ్ముకు అది సరిగ్గా సమానం. జరిమానాగా ఢిల్లీకి కట్టే కంటే ముందే దిగువకు ఇవ్వడం నయం. ఆ డబ్బుతో మొదట కట్టాల్సింది పెద్ద ప్లాంటు కాదు, తోడిన సెప్టిక్ లారీలు దింపుకోవడానికి ఊరి దగ్గర్లో ఒక శుద్ధి కేంద్రం. అక్కడ దింపినట్టు చీటీ తెచ్చిన లారీకే మళ్లీ లైసెన్సు. డ్రైవర్లకు డ్రెయిను మీద మోజేం లేదు. వేరే చోటు లేక, ఉన్నా డీజిలు గిట్టక వంతెన ఎక్కుతున్నారు. చక్కని చోటు చూపించి, ఎక్కువ దూరమైతే డీజిలుకు కాస్త ఇచ్చినా లంక గ్రామాల పటిక ఖర్చుకంటే తక్కువే అవుతుంది. చేపల చెరువుల వాళ్ల వాటా ఎకరాల లెక్కన ఉండాలి. నీళ్లు వదిలే ముందు రోజు పంచాయతీకి చెప్పడం తప్పనిసరి చేయాలి.

15వ ఆర్థిక సంఘం గడువు 2026 మార్చితో సరి. ఏప్రిల్ నుంచి అయిదేళ్లకు 16వ సంఘం లెక్కలు. కొత్త నిధులు ఖాతాల్లో పడకముందే ఈ ఉమ్మడి ఖాతాల నిబంధనలు రాసి జీవో ఇవ్వాలి. అందులో ఒక వాక్యం మాత్రం ఎవరూ తర్వాత సవరించడానికి వీల్లేకుండా ఉండాలి. ఈ ఖాతాలోని సొమ్మును కరెంటు బకాయిలకు గాని, మరే శాఖ బాకీకి గాని సర్దుబాటు చేయరాదని.